సాలెగూడు చిరగలేదు

మెట్లకి అడ్డంగా, మనిషిని నిలువునా మింగేంత సాలెగూడు. చేతిలో కొవ్వొత్తితో ముందు నడుస్తున్న కౌంట్ డ్రాకులా అతిథిని రమ్మని పైకి ఎక్కుతున్నాడు. అతిథి ముఖం ఒక్క క్షణం చూపించారు. మళ్ళీ పైకి చూసేసరికి డ్రాకులా సాలెగూటికి అవతల నిలబడి ఉన్నాడు. గూడు చిరగలేదు. ఒక్క పోగు తెగలేదు. వెనక వస్తున్న అతిథి మాత్రం చేతికర్రతో దాన్ని చించుకుని రావాల్సి వచ్చింది.

అక్కడ సినిమా ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. ఇటు ఒక షాటు, అటు ఒక షాటు, అంతే! గ్రాఫిక్సు లేవు, ఢామ్మనే చప్పుడు లేదు. ఒక మనిషి ఎలా దాటాడో చూపించకపోవడమే ఆ సన్నివేశం చేసిన పని. తొంభై ఏళ్ళు దాటిన సినిమా నా చేతుల మీద రోమాలు లేపింది.

1931లో యూనివర్సల్ కంపెనీ తీసిన 'డ్రాకులా' ఇది. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్. నిడివి 75 నిమిషాలు. డ్రాకులా పేరు వినని వాళ్ళు మన వైపు ఎవరూ ఉండరు. ఎత్తు కాలరు నల్లకోటు, వెనక్కి అణిచి దువ్విన జుట్టు, సాగదీసి పలికే ఇంగ్లీషు పిల్లలకి కూడా తెలుసు. ఆ ఆకారం మన మనసుల్లోకి వచ్చింది బేలా లుగోసి అనే హంగేరీ నటుడు ఈ సినిమాలో కట్టిన వేషం నుంచే. కానీ ఏలూరులో సినిమా పిచ్చి ఉన్న నా స్నేహితులని అడిగితే, అసలు సినిమా చూశామన్నవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. అందరికీ తెలిసిన వేషం, ఎవరూ చూడని సినిమా. నేనూ ఈ వానాకాలం దాకా చూడలేదు. చూశాక ఎవరికైనా చెప్పకుండా ఉండడం నా వల్ల కావడం లేదు.

ముందుగా, ఇందులో ఏమేం లేవో వినండి. కోరలు లేవు. సినిమా మొత్తం మీద డ్రాకులా నోట్లో కోర ఒక్కసారి కూడా కనపడదు. రక్తం కూడా లేదనే చెప్పాలి. రెన్‌ఫీల్డ్ అనే ఆ అతిథి వేలికి కాగితాలకి పెట్టే క్లిప్పు గుచ్చుకుని ఒక బొట్టు వస్తుంది. డ్రాకులా దాని మీదికి వంగబోతాడు. రెన్‌ఫీల్డ్ మెడలోని శిలువ జారి వేలి ముందుకి పడుతుంది. డ్రాకులా ముఖం తిప్పేసుకుంటాడు. మనం కళ్ళారా చూసే రక్తం అంతే. మెడ కొరకడం చూపించరు; అతను వంగుతాడు, తెర నల్లబడుతుంది. ఆఖరికి డ్రాకులా చావు కూడా తెర మీద జరగదు. కనపడకుండా ఒక మూలుగు వినిపిస్తుంది. అన్నీ తీసేశాక భయం ఎక్కడ నిలబడిందా అని నేను ఆశ్చర్యపోయాను. నిశ్శబ్దంలో నిలబడింది.

ఈ సినిమాలో నేపథ్య సంగీతం లేదు. టైటిల్స్ దగ్గర చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' నుంచి ఒక ముక్క వినిపిస్తుంది. మధ్యలో లండన్‌లో ఒక కచేరీ హాలు సన్నివేశం ఉంది కాబట్టి అక్కడ వాద్యాలు వినిపిస్తాయి. మిగతా అంతా మాటలు, తలుపు కిర్రుమనడం, తోడేళ్ళ ఊళ, మాటకీ మాటకీ మధ్య ఖాళీ. టాకీలు అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. తెర మీద వాయించేవాళ్ళు కనపడకుండా సంగీతం వినిపిస్తే జనం ఎక్కడి నుంచి వస్తోందని తికమకపడతారేమోనన్న శంక సినిమావాళ్ళకి ఉండేది. సౌండు యంత్రాలు పెట్టుకోని హాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి గనక ఇదే సినిమాని మూకీగా కూడా విడుదల చేశారు. కారణం ఏదైనా, ఫలితం మాత్రం అద్భుతం. ఇప్పటి దయ్యం సినిమాలో ఎప్పుడు ఉలిక్కిపడాలో వయొలిన్లు ముందే చెప్పేస్తాయి. ఇక్కడ చెప్పేవాళ్ళెవరూ లేరు. డ్రాకులా గదిలోకి వస్తాడు, నిలబడతాడు, చూస్తాడు. మన ఊపిరి మనకి వినిపిస్తుంది.

నేను ఈ సినిమా చూసింది కైకలూరు అవతల, చేపల చెరువుల మధ్య ఉన్న మా మేనమామ ఇంట్లో. రాత్రి భోజనాలయ్యాక టీవీకి తగిలించాను. బయట సన్నగా వాన, ఎడతెగని కప్పల బెకబెక. దూరంగా ఎవరి చెరువులోనో ఏరేటర్లు తిరుగుతున్న మోత. సినిమాలో మాట ఆగినప్పుడల్లా ఆ చప్పుళ్ళన్నీ కోటలోకి వెళ్ళిపోయాయి. కార్పేతియన్ కొండల్లో గుర్రపు బండి ఆగింది. మా చెరువు గట్టు మీద ఏదో నీటిపక్షి ఒక్క కేక వేసి ఊరుకుంది. సంగీతం నిండా పోసిన సినిమా అయితే ఆ కేక నాకు వినపడేదే కాదు. ఈ సినిమా తనలో చోటు వదిలిపెట్టింది, చూసేవాళ్ళ ఊరు వచ్చి ఆ చోటులో కూర్చుంది. మా కొల్లేరు రాత్రి డ్రాకులా ఊరైన ట్రాన్సిల్వేనియాలో కలిసిపోవడం నేను చెవులారా విన్నాను. ఇంకో సినిమాలో నాకిది జరగలేదు.

ఇక ఆ గొంతు! లుగోసి మాట్లాడుతుంటే ఒక్కో మాటని కంసాలి బంగారం తూచినట్టు తూచి వదులుతాడు. తోడేళ్ళు ఊళ వేస్తుంటే, రాత్రి బిడ్డలు పాడుతున్నారని పరవశించి చెబుతాడు. అతిథికి మద్యం పోసి, మీరు తాగరా అని అతను అడిగితే, నేను ఎప్పుడూ తాగను అని ఆగి, ఆ ఆగడాన్ని సాగదీసి, అప్పుడు మద్యం అన్న మాట పలుకుతాడు. ఆ మధ్య ఖాళీలోనే ఉంది ప్రాణం. ఆ ఒక్క విరామంలో తాను ఏమి తాగుతాడో చెప్పకుండా చెప్పేశాడు.

లుగోసి 1882లో లుగోష్‌లో పుట్టాడు. అప్పుడది హంగేరీ, ఇప్పుడు రొమేనియా. బుడాపెస్ట్‌లో నేషనల్ థియేటర్ నటుడు. అమెరికా వెళ్ళిన కొత్తలో ఇంగ్లీషు రాకపోయినా సంభాషణల్ని శబ్దాలుగా కంఠతా పట్టి నాటకాలాడాడు. 1927లో బ్రాడ్వేలో డ్రాకులా నాటకం ఆడి పేరు తెచ్చుకున్నాడు. సినిమాకి అతను అందుకున్నది వారానికి 500 డాలర్ల చొప్పున మొత్తం 3,500 డాలర్లు. 1956లో చనిపోయినప్పుడు డ్రాకులా అంగవస్త్రంతోనే సమాధి చేశారు.

సినిమా మొదలైన కాసేపటికి మావయ్య లోపలి నుంచి తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చి నిలబడే చూశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. రావాల్సిన అవసరమూ కనపడలేదు. డ్రాకులా కళ్ళ మీద వెలుగు పడి, ముఖం మిగతా భాగం చీకట్లో ఉన్న షాటు వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, వీడు మన రంగారావేరా! నేపాళ మాంత్రికుడు!" అన్నాడు.

ఆ మాటతో నాకు ఇంకో తలుపు తెరుచుకుంది. ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడులో. 2022లో జిల్లాలు మారాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, కాబట్టి ఇప్పుడు ఆయన మా జిల్లావాడే. 1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళభైరవి'లో ఆయన నేపాళ మాంత్రికుడు. లుగోసినీ రంగారావునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ నాటకరంగం నుంచి వచ్చినవాళ్ళు. రంగారావు కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆడాడు. ఇద్దరూ చెయ్యి చాచి వేళ్ళు కదిపితే ఎదుటివాడి ఒళ్ళు వాడిది కాకుండా పోతుంది. ఇద్దరూ గొంతు పెంచకుండానే హాలంతా నిండిపోతారు. ఇద్దరికీ ఒక యువతి కావాలి, ఇద్దరికీ మృత్యువుని మోసం చేసే విద్య కావాలి. పాతాళభైరవి కథకి మూలాలు మన కాశీమజిలీ కథల్లో ఉన్నాయి, బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా' 1897లో లండన్‌లో వచ్చింది. ఒక దాని నుంచి ఒకటి పుట్టిందని నేను అనడం లేదు. నటుడి కళ్ళూ గొంతూ చాలు, లోకాన్ని వణికించవచ్చు అన్న నమ్మకం ఇద్దరిలోనూ ఒకటే.

ఇంకో సంగతి చెప్పాలి. మాంత్రికుడికి తన పని చేసిపెట్టే మామూలు మనిషి ఒకడు కావాలి కదా. డ్రాకులాకి రెన్‌ఫీల్డ్. నేపాళ మాంత్రికుడికి రాణిగారి తమ్ముడు శూరసేనుడు. ఆశ పెట్టి అతని చేత కథానాయకుడు తోటరాముడి దగ్గరున్న మహిమ గల బొమ్మని కొట్టేయిస్తాడు. ఆ శూరసేనుడి వేషం వేసింది రేలంగి. తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ కట్టించి, ఆఖరి రోజులు గూడెంలోనే గడిపిన రేలంగి వెంకట్రామయ్య! మన సినిమాలో ఆ పాత్ర నవ్విస్తుంది. అక్కడ డ్వైట్ ఫ్రై అనే నటుడు అదే బానిసత్వాన్ని గుండె పిండేలా ఆడాడు.

డ్వైట్ ఫ్రై గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. సినిమా మొదట్లో అతను కాగితాల సంచీ పట్టుకున్న మర్యాదస్తుడైన గుమాస్తా. ఇల్లు అద్దెకిచ్చే దస్తావేజులు తెచ్చాడు. దారిలో ఊరివాళ్ళు వద్దని బతిమాలతారు, సత్రం నడిపే ఆవిడ మెడలో శిలువ వేస్తుంది, అతను మొహమాటంగా నవ్వి వెళ్ళిపోతాడు. తరవాత డ్రాకులాని ఇంగ్లండుకి తీసుకెళ్ళే ఓడ. తుపానులో కొట్టుకొచ్చిన ఓడలో అందరూ చచ్చిపోయి ఉన్నారు. కింద గది మూత ఎత్తి చూస్తే, మెట్ల అడుగున రెన్‌ఫీల్డ్ ముఖం పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ నవ్వు పెద్దదేం కాదు. గొంతులో అడ్డం పడ్డ నవ్వు, ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్న నవ్వు. మావయ్య "అమ్మో" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తరవాత పిచ్చాసుపత్రిలో అతను ఈగల్నీ సాలీళ్ళనీ తినడం కోసం తపించడం, యజమాని వస్తున్నాడని తెలిసినప్పుడల్లా భయమూ భక్తీ ఒకేసారి ముఖంలోకి రావడం, తన మూలంగా ఒక ఆడపిల్లకి హాని జరుగుతుందని తెలిసి ఏడవడం... నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది ఆ మనిషే. డ్రాకులాని చూసి భయపడ్డాను, రెన్‌ఫీల్డ్‌ని చూసి కడుపు తరుక్కుపోయింది.

కెమెరా పట్టింది కార్ల్ ఫ్రాయింట్. 'మెట్రొపోలిస్' తీసిన జర్మన్ ఛాయాగ్రాహకుడు. మరుసటి ఏడు తనే దర్శకుడై 'ది మమ్మీ' తీశాడు. డ్రాకులా కళ్ళ మీద సన్నని వెలుగు పడేట్టు దీపాలు అమర్చిన పనితనం ఆయనదే. మొదటి ఇరవై నిమిషాలు, కోటలో జరిగేదంతా, నేను ఇప్పటివరకూ చూసిన నలుపు తెలుపు దృశ్యాలన్నిటిలోనూ గొప్పది. కూలిన గోడలు, చెట్టుకొమ్మలు దూరిన కిటికీ, ఆ పెద్ద హాల్లో చీమంత కనపడే మనిషి. నేల మీద ఆర్మడిల్లోలు పాకుతుంటాయి. అవి అమెరికా ఖండాల జంతువులు, ట్రాన్సిల్వేనియాలో ఉండవు. అయినా ఆ పెంకుల జీవులు అలా నింపాదిగా పాకిపోతుంటే ఆ కోట ఈ లోకంలోది కాదనే అనిపించింది నాకు.

గబ్బిలం మాత్రం నన్ను భయపెట్టలేదు. దారానికి కట్టి ఆడించిన గబ్బిలం అని తెలిసిపోతుంది. పైగా జాషువా గారి 'గబ్బిలం' చదువుకున్నవాళ్ళకి ఆ జీవి మీద భయం ఎలా వస్తుంది? కాశీలో ఉన్న శివుడికి ఒక అంటరానివాడి గోడు చేరవేయడానికి బయలుదేరిన దూత కదా అది.

లండన్‌కి వచ్చాక సినిమా కొంత చల్లబడుతుంది. మనుషులు డ్రాయింగ్ రూములో కూర్చుని జరిగినవి చెప్పుకుంటారు. తోడేలు పచ్చిక మీద పరిగెత్తిందని ఒకాయన కిటికీలోంచి చూసి చెబుతాడు, మనకి చూపించరు. డ్రాకులాకి బలైన లూసీ అనే యువతి కథ మధ్యలో తెగిపోయింది. సినిమాని నాటకం నుంచి తీసుకున్న సంగతి అక్కడ తెలుస్తూనే ఉంటుంది. అయినా అదే గదిలో అద్దం సన్నివేశం ఉంది. సిగరెట్ల పెట్టె మూత లోపలి అద్దంలో ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ చూస్తాడు. డ్రాకులా కన్నేసిన మీనా మాట్లాడుతూ కనపడుతుంది, ఆమె ఎదురుగా ఉన్న డ్రాకులా కనపడడు. పెట్టె తెరిచి డ్రాకులా ముందు పెడతాడు. అప్పటిదాకా మర్యాదగా ఉన్న పెద్దమనిషి చేత్తో ఒక్క దెబ్బ కొట్టి, మళ్ళీ మర్యాదలోకి వచ్చేస్తాడు. ఆ తరవాత వాళ్ళిద్దరే ఎదురెదురుగా నిలబడతారు. డ్రాకులా చెయ్యి చాచి పిలుస్తాడు. ఎడ్వర్డ్ వాన్ స్లోన్ వేసిన ఆ ముసలి ప్రొఫెసర్ రెండు మూడు అడుగులు వేస్తాడు. ఆగుతాడు. వెనక్కి వెళ్తాడు. కత్తుల్లేవు, మంత్రాల్లేవు, ఇద్దరు మనుషుల పట్టుదల తప్ప. విఠలాచార్య దయ్యాలన్నా, పొయ్యిలో కాళ్ళు పెట్టి వంట చేసే జగన్మోహిని అన్నా నాకు ప్రాణం. వాటి పక్కన ఈ రెండు అడుగులకి కూడా చోటిచ్చాను.

ఇప్పుడు మా ఏలూరు సంగతి. 'డ్రాకులా' న్యూయార్క్‌లో విడుదలైంది 1931 ఫిబ్రవరి 12న. నెల తిరిగాక, మార్చి 14న, బొంబాయిలో మెజెస్టిక్ సినిమా హాల్లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' విడుదలైంది. అందులో చిన్న వేషం వేసిన ఒక కుర్రాడిది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్ళి స్టూడియోలో చిల్లర పనులు చేసినవాడు. ఆ అక్టోబరులో వచ్చిన తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ అతనే ఉన్నాడు. మూడు భాషల తొలి టాకీల్లోనూ తెర మీద కనపడిన ఆ కుర్రాడే ఎల్.వి. ప్రసాద్. సినిమాకి నోరొచ్చిన ఏడాది, ఆ వింతని అతను లోపల నుంచి చూశాడు.

శబ్దం రాగానే మనవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆలం ఆరాలో ఏడు పాటలు. మరుసటి ఏడు వచ్చిన 'ఇంద్రసభ'లో పాటలు డెబ్భై దాకా ఉన్నాయి. హరికథలూ పద్యనాటకాలూ విన్న జనానికి అదే న్యాయం. అక్కడ బ్రౌనింగూ లుగోసీ అదే శబ్దాన్ని చేతికి తీసుకుని దాదాపు ఖాళీగా ఉంచారు. ఒకే ఏడాది, ఒకే కొత్త యంత్రం, రెండు దారులు! ఇవి పక్కపక్కన పెట్టి చూసే భాగ్యం మనకి లేదు. ఆలం ఆరా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. కాళిదాస్ కూడా పోయింది. సోమవరప్పాడు కుర్రాడు ఆ ఏడాది ఎలా నడిచాడో, గొంతు ఎలా ఉండేదో ఇక ఎవరూ చూడలేరు. లుగోసి మాత్రం కైకలూరు దగ్గర చెరువుగట్టు మీది ఇంట్లో, నిన్న పలికినంత స్పష్టంగా పలికాడు. ఆ రాత్రి ఆనందంలో నాకు దుఃఖం కలిసింది ఇక్కడే. ఒక సినిమా మిగలడం ఎంత పెద్ద విషయమో మిగలని వాటి పేర్లు తలుచుకుంటే తెలుస్తుంది.

వెతుకుతూ పోతే ఇంకొకటి దొరికింది. మన బేతాళ కథలని రిచర్డ్ బర్టన్ 1870లో 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఆ బర్టన్‌ని బ్రామ్ స్టోకర్ స్వయంగా కలిశాడు. మాట్లాడేటప్పుడు బర్టన్ పైపెదవి లేచి కోరపన్ను మెరిసిన తీరు తన జ్ఞాపకాల పుస్తకంలో ప్రత్యేకంగా రాసుకున్నాడు. చందమామలో శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచిన విక్రమార్కుణ్ణి చదివి పెరిగిన నేను, ఆ సంగతి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ చందమామనీ, పాతాళభైరవినీ మనకిచ్చింది నాగిరెడ్డి, చక్రపాణి గార్లే కావడం ఇంకో సంతోషం.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. 1990ల చివర్లో ఫిలిప్ గ్లాస్ ఈ సినిమాకి కొత్తగా సంగీతం కట్టాడు, ఆ సంగీతంతో కూడా దొరుకుతుంది. మంచి సంగీతమే. కానీ మొదటిసారి దాంతో చూడకండి. సంగీతం లేని అసలుదే పెట్టండి. రాత్రి పూట, లైట్లు ఆర్పి, ఫోను వేరే గదిలో పడేసి చూడండి. తలుపు మాత్రం తెరిచి ఉంచండి. గూడెంలో రైలు కూసినా, ఏలూరులో కాలవ గట్టు మీద కుక్కలు మొరిగినా రానివ్వండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళకి మీకన్నా ఎక్కువ కనపడుతుంది. అది అయ్యాక స్పానిష్ 'డ్రాకులా' ఉంది. పగలు బ్రౌనింగ్ బృందం పనిచేసి వెళ్ళాక, రాత్రిళ్ళు అవే సెట్ల మీద జార్జ్ మెల్ఫర్డ్ వేరే నటులతో తీసిన సినిమా. దీనికన్నా దాదాపు అరగంట పెద్దది. కెమెరా పనిలో అదే మెరుగని వాదించేవాళ్ళున్నారు. మావయ్య ఈ శనివారం రమ్మన్నాడు. అది తీసుకెళ్తున్నాను.